అలిగింది సాలు, ఇగ పట్టు

మొన్న ఆదివారం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఫోన్‌లో ఏదో నొక్కింది; నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపే ఒకతను మెట్లెక్కి వచ్చి చిన్న సంచీ ఇచ్చి వెళ్ళిపోయాడు. అందులో అరచేయంత చాక్లెట్ ఉంది. నీలం కాగితం మీద నడిమధ్య తెల్లటి చోటొకటి ఖాళీగా వదిలారు. ఎవరికి ఇస్తున్నామో వాళ్ళకు చెప్పాలనుకున్న మాట అక్కడ రాసుకోవచ్చట. ఆ పిల్లకూ తన స్నేహితురాలికీ వారం రోజులుగా మాటల్లేవు. "తాతా, గీడ జర మంచిగ సారీ అని రాయవా, నా రైటింగ్ ఏక్‌దమ్ బేకార్" అంటూ పెన్ను నా చేతికిచ్చింది. రాశాను. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయాను. కళ్ళు ఆనడం లేదనుకుని ఆ పిల్ల లైటు వేసింది గానీ, నిజానికి ఆ నీలం కాగితం నన్ను నలభై ఏళ్ళు వెనక్కి లాక్కెళ్ళి, ఇదే సూరత్‌లో, లింబాయత్ సందుల్లో ఒక గోడ ముందు నిచ్చెన మీద నిలబెట్టింది.

ఆ చాక్లెట్ పేరు చెప్పను, ఇంకా అమ్ముతూనే ఉన్నారు. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పేదవాళ్ళ పిల్లలకు చాక్లెట్ అంటే కిరాణా కొట్టువాడు గాజు సీసా మూత తిప్పి తీసిచ్చే పిప్పరమెంటు బిళ్ళే. ఇలాంటి మందపాటి పట్టీ కావాలంటే ఫ్రిజ్ ఉన్న పెద్ద దుకాణానికి పోవాలి, అక్కడికి వెళ్ళడానికి ఉతికిన చొక్కా వేసుకోవాలి. పైన నీలం కాగితం, లోపల వెండిరేకు. తిన్న తర్వాత ఆ రేకును గోటితో సాపు చేసి పుస్తకంలో దాచుకునేవాళ్ళు. కంపెనీవాళ్ళు మొదట్లో దాన్ని పిల్లలకు బలమని చెప్పి అమ్మారు, గోడ మీద కండలు చూపిస్తున్న బొద్దు బాబు బొమ్మ ఉండేది. కొన్నాళ్ళకు ఆ బాబును తీసేసి కాలేజీ అమ్మాయినీ అబ్బాయినీ పెట్టారు. ఇంకొన్నాళ్ళకు వాళ్ళనూ తీసేసి, పండుగకు మిఠాయి డబ్బా బదులు దీన్ని పట్టుకెళ్ళే పెద్దమనుషులను పెట్టారు. పాత బొమ్మలను తుడిచిందీ, కొత్త బొమ్మలను వేసిందీ ఈ చేతులే కాబట్టి, దాని చరిత్ర, దాన్ని తయారుచేసినవాళ్ళకంటే నాకే బాగా తెలుసునని నాకొక చిన్న గర్వం ఉంది, మన్నించాలి.

నేను సూరత్ వచ్చింది రంగులు వేయడానికి కాదు, సాంచలు, అంటే మరమగ్గాలు నడపడానికి. మాది సిరిసిల్ల పక్క పల్లె, నేత కులం. పెళ్ళిళ్ళప్పుడు ఇంటి ముందు గోడ మీద వధూవరుల పేర్లు రాయించుకునే ఆచారం మా వైపు ఉండేది, పది ఊళ్ళకు ఆ పని నేనే చేసేవాణ్ణి గానీ దానితో కడుపు నిండదు కదా. అక్కకు పెళ్ళయి సూరత్ వచ్చి అప్పటికి మూడేళ్ళు. బావ లింబాయత్‌లో ఒక కార్ఖానాలో సాంచలు నడిపేవాడు. పనిమంతుడు, మాట పడడు, తప్పు చేయడు, తెలుగు తప్ప ఇంకేదీ చదవలేడు. ఆయనే సేఠు కాళ్ళావేళ్ళా పడి, వీడు నా తమ్ముడి లెక్క, నాదీ జిమ్మేదారీ అని మాటిచ్చి నాకు నాలుగు సాంచలు ఇప్పించాడు. ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అక్క ఇంట్లోనే కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది, గది నిండా ఎప్పుడూ రంగురంగుల చీరల గుట్టలు ఉండేవి.

ఆరు నెలలు నడిపాను. అబద్ధం ఎందుకు, ఆ పని నాకు రాలేదు. పోగు తెగితే నా కళ్ళు పోగును చూడకుండా ఎదురుగోడ మీద చెమ్మ గీసిన ఆకారాలను చూసేవి. అలాంటి రోజుల్లో ఒకనాడు టీ కొట్టు దగ్గర స్కూటర్ ఆపి ఒక గుజరాతీ ఆయన, ఈ చాక్లెట్‌కు ఆ ప్రాంతపు ఏజెంటు, తెలుగు రాయగలిగిన పెయింటర్ ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాడు. సాంచలు నడిపే బస్తీల్లో కూడా సరుకు అమ్ముడుపోవాలని కంపెనీకి కోరిక పుట్టిందట. తెలుగువాళ్ళ సందుల్లో తెలుగులో, ఒడియావాళ్ళ సందుల్లో ఒడియాలో గోడలు రాయించమని హుకుం వచ్చిందట. నేను చెయ్యెత్తాను. ఆ వారమే సాంచలు వదిలేశాను. వదిలేస్తున్నానని బావతో చెప్పడానికి ధైర్యం చాలక, ఆయన రాత్రి పాళీలో, అంటే రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు పొద్దుటి పాళీకి పోకుండా ఎగ్గొట్టాను. ఇది నా జీవితంలో నేను చేసిన పిరికిపనుల్లో పెద్దది.

దాని ఫలితం నేను అనుభవించలేదు, బావ అనుభవించాడు. సరుకు గిరాకీగా ఉన్న రోజుల్లో నాలుగు సాంచలు ఖాళీగా నిలబడ్డాయని సేఠు అందరి ముందూ ఆయన్ను నిలదీసి, ఆయన చేతిలోని మంచి సాంచలు తీసేసి, కార్ఖానా వెనక మరుగుదొడ్ల గోడ పక్కన గంటకోసారి ఆగిపోయే పాతవి ఇచ్చాడు. బావ ఇంటికి వచ్చి నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడటం మానేశాడు. ఎనిమిది నెలలు. ఒకే గదిలో, ఒకే బిందె నీళ్ళు తాగుతూ. నేను ఆయనకు రెండడుగుల దూరంలో కూర్చుని అన్నం తింటుంటే, "మీ తమ్మున్ని జర జరుగుమను, కాలు సాపుకోవాలె" అని అక్కతో చెప్పేవాడు. అక్క నా వైపు చూసేది. నేను జరిగేవాణ్ణి. ఇరుగుపొరుగు నవ్వుకునేవారు గానీ, రాను రాను అక్క ముఖం పీక్కుపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆమెకు అప్పుడు ఐదో నెల.

ఇక నా గోడల సంగతి. కంపెనీ నుంచి చాక్లెట్ బొమ్మకు చిల్లుల కాగితం వచ్చేది. దాన్ని సున్నం కొట్టిన గోడకు అంటించి, నీలిపొడి మూటతో తట్టితే చుక్కలు పడతాయి, వాటిని కలుపుకుంటూ పోవడమే. బొమ్మ కింద రాయవలసిన మాట కూడా వాళ్ళే టైపు చేయించి పంపారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో పెద్ద చదువులు చదివినవారు కూర్చి ఉంటారు: "మధుర క్షణాల మనోజ్ఞ సహచరి". ఎంత మంచి తెలుగో! నేను ఎనిమిది గోడల మీద శ్రద్ధగా, నీడలు కూడా వేసి రాశాను. కార్ఖానా గేటుకు ఎదురుగా పొడవాటి గోడ మీద రాసిన రోజున, కండెలు చుట్టే ఒక ముసలాయన నిచ్చెన దగ్గరికి వచ్చి చాలాసేపు తలెత్తి చూసి, "గిదేం సీన్మ తమ్మీ? ఏ టాకీసుల పడ్తది?" అని అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. మా బస్తీలో సహచరి అనే మాట ఎవరి నోటా వినబడేది కాదు. చాక్లెట్లు కొట్లో అలాగే ఉండిపోయి, ఎండకు మెత్తబడి, మళ్ళీ గట్టిపడి తెల్లటి బూజు పట్టినట్టు అయ్యేవి. కొట్టువాడు ఏజెంటును తిట్టేవాడు, ఏజెంటు నన్ను దిగులుగా చూసేవాడు.

వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో, ఒక సెలవునాడు మధ్యాహ్నం, అక్క బయటికి వెళ్ళి వచ్చింది. బావా నేనూ చెరో గోడకు ఆనుకుని, చీరల గుట్టలకు ఇటూ అటూ కూర్చుని ఉన్నాం. ఆమె కొంగు చాటు నుంచి నీలం కాగితం చాక్లెట్ తీసింది. తాను కత్తిరించిన దారాల కూలితో కొన్నదది. రేకు విప్పి, రెండుగా విరిచి, ఒక ముక్క బావ ముందూ ఒక ముక్క నా ముందూ పట్టుకుని నిలబడింది. మేం చేతులు చాపలేదు.

"ఎన్నొద్దులు గిట్ల? పుట్టేటిది గూడ మీ ఇద్దరి నడుమ మాటలు మోస్కుంట తిరగాల్నా?" అంది. "అలిగింది సాలు. ఇగ పట్టుండ్రి."

పట్టుకున్నాం. తిన్నాం. బావ నమిలి మింగి, అక్క వైపే చూస్తూ, "జర చేదుగున్నది" అన్నాడు. అదీ అక్కతోనే. అయినా ఆ పూట ఆయన కాలు చాపుకోవడానికి నన్ను జరగమనలేదు.

ఆ వారంలోనే ఏజెంటు వానకు పాడైన గోడలను మళ్ళీ రాయమన్నాడు. కార్ఖానా ఎదుటి గోడకు సున్నం కొట్టి, బొమ్మ వేసి, జేబులోంచి కంపెనీ కాగితం తీసి చూశాను. సుద్దపొడి రాసిన దారం లాగి గీతలు కొట్టాను. తర్వాత ఏమైందో నాకే తెలియదు, కాగితం మడిచి జేబులో పెట్టేసి, మనిషి ఎత్తు అక్షరాలతో మా అక్క మాట రాశాను: "అలిగింది సాలు, ఇగ పట్టు!"

బావ ఆ వారం రాత్రి పాళీ. మర్నాడు పొద్దున్న ఏడు గంటలకు నేను టీ కొట్టు బల్ల మీద కూర్చుని గేటు వైపు చూస్తున్నాను. జుట్టు నిండా దూది నలుసులతో మనుషులు బయటికి వచ్చారు. ఒకరు ఆగారు. పైకే చదివారు. వెనకవాళ్ళు నవ్వారు. ఎవరో ఎవరి భుజమో చరిచి ఆ మాటే అన్నారు. అందరూ దాటిపోయాక బావ వచ్చాడు. రోడ్డు మధ్యలో నిలబడి పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, ఎనిమిది నెలల తర్వాత మొట్టమొదటిసారి నాతో మాట్లాడాడు.

"సాలు అని రాసినవేందిరా? బడిల చాలు అని గదా చెప్పిరి."

"మనం గట్లనే అంటం గదా బావా."

"అంటం. అంటం గని..." ఆయన గోడ వైపు తిరిగాడు. "గోడ మీద రాస్తరా మన మాట?"

అప్పటికి నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న మనిషి, ఆ ఊళ్ళో ఒక్క బోర్డూ చదవలేక బస్సు రంగును బట్టి, దుకాణం ముందు వేలాడే సామానును బట్టి బతుకు నడుపుకున్న మనిషి, తన ఇంట్లో తన భార్య అన్న మాటను రోడ్డు మీద చదువుకున్నాడు. ఆయన పక్కన కూర్చుని నేను సాంచల గురించి, పారిపోయినందుకు, పాత సాంచల పాలు చేసినందుకు, నాకు చేతనైన నాలుగు మాటల్లో తప్పు ఒప్పుకున్నాను. ఆయన టీ ఊదుకుంటూ, "చెప్పి పోతే అయిపోవు గదరా" అన్నాడు. అంతే.

ఆ మాట బస్తీలో పాకిపోయింది. మొగుడూ పెళ్ళాలు, తోడికోడళ్ళు, ఒకే గదిలో పది మంది వంట చేసుకునే కుర్రాళ్ళు, ఎవరి అలకలు వాళ్ళకుండేవి కాబట్టి ఎవరి అవసరం వాళ్ళకు కనిపించింది. కొట్టువాడి దగ్గర చాక్లెట్లకు తెల్లబూజు పట్టే సమయం లేకపోయింది. ఏజెంటు స్కూటర్ వారానికి మూడుసార్లు రావడం మొదలుపెట్టింది. గోడ మీద ఏం రాసి ఉందో ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు.

పదిహేను రోజులకు కంపెనీ నుంచి తనిఖీ ఆఫీసరు వచ్చాడు, పొద్దున్నే, మెడలో కెమెరాతో. ఆయనకూ తెలుగు రాదు. కానీ చేతిలో టైపు కాగితం ఉంది. కాగితం మీది అక్షరాన్నీ గోడ మీది అక్షరాన్నీ బొమ్మల్లాగా పోల్చి చూడబోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగాడు. ఏజెంటు ముఖం పాలిపోయింది. నన్ను పిలిపించి ఇది ఏమిటని అడిగాడు. అప్పుడే పాళీ దిగి వస్తున్న బావ గుంపులోంచి ముందుకొచ్చి, దూది దులుపుకుని, తనకొచ్చిన హిందీలో ఆ మాటకు అర్థం చెప్పి, ఇది మా ఇంటి మాటేనన్నాడు: "సాబ్, గుస్సా బస్ హోగయా, అబ్ లే లో. ఐసా లిఖా. హమారా ఘర్ కా బాత్ హై."

ఆఫీసరు నవ్వాడు. నవ్వి, మాట బాగానే ఉంది కానీ పంపిన మాట తప్ప ఇంకొకటి రాయడానికి వీల్లేదని, ఈ రోజే తుడిపించాలని ఏజెంటుకు చెప్పి వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు, ఆయన పని ఆయన చేశాడు.

ఇంకెవరైనా తుడిస్తే బాగుండునని అనిపించింది గానీ నా గోడ నేనే తుడవాలి కదా. సున్నం కలుపుకుని నిచ్చెన ఎక్కాను. కింద నిచ్చెన కదలకుండా ఎవరో పట్టుకున్నారు. చూస్తే బావ, పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషి. ఇంటికి పోయి పడుకోమన్నాను. పోలేదు. మొదటి అక్షరం మీద కుంచె పెట్టేసరికి నాకు కళ్ళు నిండాయి.

"ఏడుస్తవేందిరా, సున్నమే గదా" అన్నాడు కింద నుంచి. "అందరు సదివిండ్రు. సదివింది ఎవ్వడు తుడుస్తడు?"

ఆఖరి అక్షరం దాకా ఆయన ఆ నిచ్చెన వదల్లేదు.

తర్వాత జరిగింది చెప్తే మీరు నవ్వుతారు. లెక్కలు చూసుకున్న ఏజెంటు నన్ను పక్కకు పిలిచి, ఆఫీసర్లు రాని లోపలి సందుల్లో నీకిష్టమైంది రాసుకో అన్నాడు. రాశాను. రెండు వానాకాలాలు గడిచాక కంపెనీ నుంచి కొత్త టైపు కాగితం వచ్చింది, తెలుగు గోడలన్నిటికీ: "అలిగింది చాలు, ఇక పట్టు!" ఎక్కడ పుట్టిందని అందులో లేదు. ఎవరు ఫోటో తీశారో, ఎవరు ఎవరికి చెప్పారో, ఏ బల్ల దగ్గర ఎవరు దిద్దారో నాకు ఈనాటికీ తెలియదు. నాకు సంతోషమే కలిగింది. కోపమొచ్చింది బావకు. మన మాటను తీసుకుని దానికి చొక్కా ప్యాంటు తొడుగుతారా అని గొణిగాడు. లింబాయత్‌లో మాత్రం మా అక్క అన్నట్టే రాశాను, అడిగిన నాథుడు లేడు. ఆ బొమ్మ కిందనే మేనల్లుడు బుడిబుడి నడకలు నేర్చాడు.

ఇప్పుడు గోడలు రాసేవాళ్ళు లేరు. ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చిన రెండు మూడేళ్ళలోనే మా పని తగ్గిపోయింది, నేను దుకాణాల బోర్డులు, తర్వాత స్టిక్కర్లు చేసుకుని పిల్లను చదివించుకున్నాను. ఆ కార్ఖానా ఊరి బయట పల్సానా వైపు వెళ్ళిపోయింది, గోడ ఉన్నచోట ఇప్పుడు చీరల గోదాము ఉంది. మా పిల్లలు గుజరాతీలో చదువుకుని, హిందీలో బేరమాడి, ఇంట్లో మూడు భాషలూ కలిపి మాట్లాడతారు. వాళ్ళకు ఈ ఊళ్ళో చదవలేని గోడ లేదు, దానికి నేను దేవుడికి దండం పెట్టుకుంటాను. వాళ్ళ ఇళ్ళల్లో గదులు కూడా మూడేసి ఉన్నాయి. అలిగితే ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి తలుపు వేసుకోవచ్చు. మాకు ఆ సౌకర్యం ఉండేది కాదు, ముఖం చూసుకుంటూనే అన్నం తినాలి, అప్పుడది శిక్షలాగే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఇరుకు గది మమ్మల్ని విడిపోనివ్వకుండా పట్టుకుందేమోననిపిస్తుంది.

ముప్ఫై ఏళ్ళు సాంచల మోత విని విని బావకు చెవులు పోయాయి. అక్క అరిచి అరిచి అలసిపోతుంది. నేను మాత్రం రోజూ సాయంత్రం రెండు సందులు దాటి వెళ్ళి, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, పలక మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. ఆయనకు నా చేతిరాత ఇష్టం. చదివి, చెరిపి, తన జవాబు తను రాస్తాడు, సగం గుణింతాలు తప్పులతో. చీకటి పడేదాకా అట్లా కబుర్లు చెప్పుకుంటాం. నిన్న సాయంత్రం నా చేతిలోంచి పలక తీసుకుని, చాలాసేపు వంగి కూర్చుని రాసి చూపించాడు: "రేపు డుమస్ పోదాం. మీ అక్క సముద్రం జూడక శానొద్దులాయె."